తొమ్మిదో రాయి

ఆ రోజు గుట్టకు మందు కూరింది తొమ్మిది హోళ్ళలో. ఎనిమిది కాదు, తొమ్మిది. ఈ లెక్క తెలిసినవాళ్ళం ఇద్దరం. ఒకడు ఆ తొమ్మిదో హోలు దగ్గరే తునకలైపోయాడు. రెండోవాణ్ణి నేను. నేను నోరు విప్పలేదు. విప్పకపోవడం వల్ల ఎంత రక్తం పారిందో ఇప్పుడు చెబుతాను. చెప్పినంత మాత్రాన మంచివాణ్ణి అయిపోతానని నాకేమీ భ్రమ లేదు, మీరూ పెట్టుకోకండి.

నా పేరు వెంకటనారాయణ. మాది తణుకు దగ్గర ఒక పల్లె. 1997 మొదట్లో మాదాపూర్ అవతల ఒక కంప్యూటర్ కంపెనీ ఆఫీసు కోసం గుట్టను పేల్చి చదును చేసే పని నడుస్తుండేది. ఆ కాంట్రాక్టరు దగ్గర నేను సూపర్‌వైజర్ని. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నెత్తిన పసుపు టోపీ. కూలీలు సారు, సారు అంటుంటే ఒళ్ళు కాస్త పొంగేది కూడా. కొండాపూర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని నా భార్య రాజరాజేశ్వరితో కాపురం ఉండేవాణ్ణి.

పనివాళ్ళలో ఎక్కువమంది కొండాపూర్ ఊరివాళ్ళే. తాతల నాటి నుంచి రాయి కొట్టుకుని బతికినవాళ్ళు. వాళ్ళలో పుల్లయ్య, రామచంద్రం వరసకు బావాబావమరుదులు. ఒకే గల్లీలో ఎదురెదురు ఇళ్ళు. ఒక ఇంట్లో మాంసం ఉడికితే రెండో ఇంటికి గిన్నె వెళ్ళాల్సిందే. పుల్లయ్య బండకు హోలు కొట్టి, మందు కూరి, వత్తి అంటించేవాడు. రామచంద్రం ఎర్రజెండా పట్టుకుని రోడ్డు ఆపి, పేలుళ్ళు లెక్కపెట్టేవాడు.

ఆ లెక్కకు వాళ్ళకొక పద్ధతి ఉంది. రామచంద్రం ఎప్పుడో ఏడుపాయల జాతరకు పోయి, మంజీర ఒడ్డున పన్నెండు నల్లటి గులకరాళ్ళు ఏరుకొచ్చాడు. రేగుపండంత, నున్నటివి. అవి ఒక జర్దా డబ్బాలో ఉండేవి. మందు కూరేటప్పుడు డబ్బా పుల్లయ్య దగ్గర ఉంటుంది. ఒక్కో హోలు నింపగానే ఒక్కో రాయి తీసి రామచంద్రం చొక్కా జేబులో పుల్లయ్యే తన చేత్తో వేయాలి. తర్వాత రామచంద్రం రోడ్డు మీదికి పోతాడు, పుల్లయ్య వత్తులు అంటించి దూరంగా కంప్రెసర్ చాటుకు పరిగెడతాడు. ఒక్కో పేలుడుకీ రామచంద్రం జేబులోంచి ఒక రాయి తీసి చేతిలో పట్టుకుంటాడు. జేబు ఖాళీ అయ్యాక పొడుగ్గా ఈల ఊదుతాడు. ఆ ఈల వినిపించేదాకా బండ దగ్గరికి పురుగైనా పోకూడదు. ఇంకెవరూ లెక్కపెట్టకూడదు కూడా. ఇద్దరు లెక్కపెడితే ఇద్దరికీ అనుమానమేనని వాళ్ళ మాట.

నేను డిప్లొమా చదివినవాణ్ణి కదా, ఇదంతా చూసి లోలోపల నవ్వుకునేవాణ్ణి. పన్నెండేళ్ళలో ఆ రాళ్ళు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. వాటి చేత తప్పు చెప్పించింది నా చదువే.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం. మూడింటికి కంపెనీ పెద్దలు స్థలం చూడటానికి వస్తున్నారని కాంట్రాక్టరు పొద్దుటి నుంచి ఫోన్లో నా ప్రాణం తోడేస్తున్నాడు. ఎనిమిది హోళ్ళు నిండాయి, ఎనిమిది రాళ్ళు జేబులో పడ్డాయి, రామచంద్రం జెండా తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. అప్పుడు గేటు పక్కన పొడుచుకొచ్చిన బండ నా కంట పడింది. కార్లు సరిగ్గా అక్కడే తిరగాలి. పుల్లయ్య పొద్దున దానికి హోలు కొట్టి, మందు రేపు పెడదామని వదిలేశాడు. దాన్నీ ఇప్పుడే లేపెయ్యమన్నాను.

పుల్లయ్య ఒప్పుకోలేదు. లెక్క పోయింది సారు, రేపు చేద్దామన్నాడు. నేను గడియారం చూపించి కసిరాను. అతను మందు కూరి, వత్తి పెట్టి, డబ్బాలోంచి రాయి తీసి రోడ్డు వైపు నడవబోయాడు. మళ్ళీ అక్కడిదాకా పోయి రావడానికి పది నిమిషాలు. నేను చెయ్యి చాపాను.

“రాయి ఇటియ్యి పుల్లయ్యా. నేను వెళ్ళి అతని జేబులో వేస్తాను. నువ్వు వత్తుల సంగతి చూడు.”

“గట్ల ఇయ్యొద్దు సారు. నేనే ఎయ్యాలె.”

“నేనంటే నమ్మకం లేదా?”

ఆ మాటకు అతను సిగ్గుపడ్డాడు. రాయి నా అరచేతిలో పెట్టాడు. నేను దాన్ని ప్యాంటు జేబులో వేసుకుని రోడ్డు వైపు నడిచాను. దారిలో రేకుల షెడ్డులో ఫోన్ మోగింది. మళ్ళీ కాంట్రాక్టరు. అతను తిడుతుంటే నేను ‘అలాగేనండి, అయిపోయిందండి’ అంటూ నిలబడ్డాను. పేలుళ్ళు మొదలైతే రెండో చెవిలో వేలు పెట్టుకుని తిట్లు విన్నాను. రాయి మాటే మర్చిపోయాను. కావాలని కాదు, మర్చిపోయాను. చీమను తొక్కినట్టు, చూసుకోకుండా. దీన్ని ఇన్నిసార్లు ఎందుకు చెబుతున్నానంటే, నా దగ్గరున్న ఒకే ఒక్క సాకు ఇదే.

పొడుగ్గా ఈల వినిపించింది. పుల్లయ్య కంప్రెసర్ చాటు నుంచి లేచి, సారు తొందర పడుతున్నాడు కదా అని, నేరుగా గేటు పక్క బండ దగ్గరికే వెళ్ళాడు. ఆ వత్తి నిదానంగా కాలుతోంది. అతను వంగి చూడబోయాడు.

నేను షెడ్డులోంచి బయటికి వచ్చేసరికి దుమ్ములోంచి రాళ్ళతోపాటు పుల్లయ్య కూడా కింద పడుతున్నాడు. ఒక కాలు ముళ్ళ కంచె మీద వేలాడింది. మెడ పైన మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు. రామచంద్రం పరిగెత్తుకొచ్చి, ఎర్రజెండా నేల మీద పరిచి, ఒక్కొక్క ముక్కే ఏరి అందులో పెట్టాడు. ఎవరు లాగినా లేవలేదు. ఎనిమిదే బావా, ఎనిమిదే బావా అని గొణుగుతూనే ఉన్నాడు. కార్లు మూడింటికి వచ్చాయి. అవతలి గేటు నుంచి తీసుకెళ్ళి స్థలం చూపించాం.

సాయంత్రం పోలీసులొచ్చి హోళ్ళెన్ని అని అడిగారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ప్యాంటు జేబులోకి పోయింది. రాయి తగిలింది. అప్పుడే, ఆ క్షణంలోనే చెప్పి ఉంటే నా ఉద్యోగం పోయేది, బహుశా జైలు. అంతే పోయేది. నేనేం చెప్పానో అక్షరం మర్చిపోలేదు.

“నేను ఎనిమిదే పెట్టమన్నానండి. లెక్క రామచంద్రానిది. తొమ్మిదోది ఎలా వచ్చిందో అతన్నే అడగాలి.”

ఇంటికొచ్చి రాజరాజేశ్వరికి మాత్రం చెప్పాను. ఆవిడ లేచి వీధి తలుపు గడియ వేసింది. పోయినాయన ఎలాగూ తిరిగి రాడు, ఇంకెక్కడా ఈ మాట అనకండి అంది. రాయి తీసుకెళ్ళి బీరువాలో చీరల కింద పెట్టింది. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, ఆ తర్వాత నా బతుకంతా అదే.

రామచంద్రాన్ని రెండు రోజులు స్టేషన్లో ఉంచి, ప్రమాదమేనని రాసుకుని వదిలేశారు. ఊరు మాత్రం వదల్లేదు. నెల కిందట కల్లు కాంపౌండులో పుల్లయ్యా రామచంద్రమూ గొడవపడ్డారట. ఈసారి బోనాలకు పోతరాజు వేషం పుల్లయ్య పెద్దకొడుకు అంజయ్య కట్టాలా, రామచంద్రం కొడుకు సాయిచంద్ కట్టాలా అని. తాగినప్పటి మాటలు, తెల్లారి ఇద్దరికీ గుర్తు కూడా లేవు. పుల్లయ్య చచ్చాక ఊరికంతా గుర్తొచ్చాయి. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. నా జేబులో ఉన్న నిప్పు ఎవరికీ కనబడలేదు. బయటి మనిషి, పెద్ద సారు, పైగా ఆంధ్రాయన. ఈయనకూ మన గల్లీ గొడవలకూ ఏం సంబంధం అనుకున్నారు.

పుల్లయ్య దినాలకు నేను వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. రామచంద్రం కూడా కొత్త తువాల, సేరు బియ్యం పట్టుకుని వచ్చాడు. పుల్లయ్య భార్య చంద్రమ్మ అతన్ని చూడగానే గోడకు తల కొట్టుకుంది. కొడుకులిద్దరూ లేచారు. అంజయ్యకు అప్పుడు ఇరవై మూడేళ్ళు, తిరుపతికి ఇరవై. తిరుపతి రామచంద్రాన్ని గడప దగ్గర పడేసి, మెడ మీద మోకాలు పెట్టి పట్టుకున్నాడు. అంజయ్య లోపలికి పోయి, తండ్రి వాడిన సమ్మెట తెచ్చాడు. రామచంద్రం కుడిచెయ్యిని గడప మీద పెట్టి, లెక్కపెట్టిన చెయ్యి ఇదే కదా అని, ఒక్కో వేలికీ ఒక్కో దెబ్బ వేశాడు. ఐదు దెబ్బలు. మూడో దెబ్బకే రామచంద్రం అరుపు ఆగిపోయింది. ఎముక నలిగే చప్పుడు, కంకర మీద లారీ చక్రం పోయినట్టు, పంక్తిలో అందరికీ వినబడింది. నేను విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాను. అంతవరకే చేశాను.

రామచంద్రాన్ని దవాఖానలో వేశారు. కేసు పెట్టనన్నాడు. బావ పోయిన బాధలో పిల్లలు కొట్టారు, పోనీ అన్నాడు. సాయిచంద్‌కు మాత్రం ఆ ఓర్పు లేదు. పద్దెనిమిదేళ్ళవాడు, తండ్రికి తన చేత్తో అన్నం కలిపి పెట్టేవాడు. ఇంటర్ మానేసి, తండ్రి ఉలి తీసుకుని పనికి వచ్చాడు. గేటు దగ్గర నాకు రోజూ నమస్తే పెట్టేవాడు. ఆ నమస్తేకు నేను వాచీ చూసుకుంటూ తల ఊపేవాణ్ణి.

ఆషాఢంలో బోనాలు వచ్చాయి. వేషం అంజయ్యే కట్టాడు. ఒంటినిండా పసుపు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. గావు పట్టే ఘట్టం, అంటే పోతరాజు మేకపిల్ల మెడ పళ్ళతో కొరికే సమయం. నోరూ రొమ్మూ రక్తంతో తడిసి అంజయ్య ఊగిపోతున్నాడు. సాయిచంద్ జనంలోంచి నడిచొచ్చి, కావలించుకున్నట్టు దగ్గరికి పోయి, డొక్కలో ఉలి దింపాడు. తీసి మళ్ళీ దింపాడు. అంజయ్య ఇంకా ఊగుతూనే ఉన్నాడు. కారుతున్నది మేక రక్తమనే అనుకున్నారు అందరూ. డప్పులు ఇంకా గట్టిగా కొట్టారు. ఆడవాళ్ళు అతని కాళ్ళ మీద నీళ్ళు పోశారు. మోకాళ్ళ మీద కూలబడి పేగులు చేత్తో పట్టుకున్నాక గానీ చూడలేదు ఎవరూ. డప్పులు ఆగేసరికి అతని కళ్ళు నిలబడిపోయాయి.

నేను మా మేడ మీంచి చూస్తున్నాను. రాజరాజేశ్వరి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి తలుపేసింది. ఆ రాత్రి చెబుదామనుకున్నాను. తెల్లారాక, ఇప్పుడు చెబితే ఆ రెండో చావు కూడా నా నెత్తికే వస్తుంది కదా అనిపించింది. అదొక విచిత్రం. తప్పు చిన్నగా ఉన్నప్పుడు అది చిన్నది కదా అని చెప్పలేదు. పెద్దదయ్యాక పెద్దదైందని చెప్పలేదు.

సాయిచంద్ ఏడు నెలలు జైల్లో ఉండి, బెయిలు మీద వచ్చాడు. తిరుపతి అప్పుడు నా కిందే పని చేస్తున్నాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక, పనిముట్లు నూరే చక్రం దగ్గర ఒక డ్రిల్లు కడ్డీకి పదును పెట్టేవాడు. దాచుకునేవాడు కూడా కాదు. ఎందుకని అడిగితే, మీకు తెల్వదా సారు అని నవ్వేవాడు. వాళ్ళిద్దరిలో ఒకడు చావడం ఖాయమని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరు ముందన్నదే తేలాలి.

అందుకని ఊరి పెద్దమనుషులు ఉగాది ముందు రాజీకి కూర్చోబెట్టారు. వాళ్ళ ఆచారం ప్రకారం పగ తెగాలంటే రెండు వైపులవాళ్ళూ ఒకే కుండలోని కల్లు మోదుగాకు దొప్పల్లో పోసుకుని పోచమ్మ పేరు మీద తాగాలి. తాగాక ఒకరి మీద ఒకరు చెయ్యెత్తితే అమ్మవారు ఊరుకోదని నమ్మకం. నెల రోజులు తిరుపతి వెంటపడి, మీ నాయన చావు ఎవరి తప్పూ కాదు, రాత అని నచ్చచెప్పారు. చివరికి ఊ అన్నాడు. సాక్షిగా నన్ను పిలిచారు. ఈ సారు మన కులపోడు కాదు, మన ఊరోడు కాదు, న్యాయం మనిషి అన్నారు. నేను వస్తానన్నాను.

రాజీకి ముందురోజు, ఆదివారం పొద్దున, రామచంద్రం మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం బయటే కూర్చున్నాడు. కుడిచెయ్యి ఎండిన అల్లం కొమ్ములా ఉంది. ఎడమచేత్తో జర్దా డబ్బా మూత తీసి, రాళ్ళు గచ్చు మీద పోశాడు.

“ఆ దినం సంది డబ్బ ఇప్పలే సారు. రాత్రి ఇప్పి చూస్తే పదకొండే ఉన్నయ్. ఆ దినం నా చేతుల ఎనిమిది, డబ్బల మూడు. డబ్బల నాలుగుండాలె. అంటే పుల్లయ్య బావ తొమ్మిదోది తీసిండు. తీసినోడు నా జేబుల ఎయ్యకుంట ఉండడు. నేనే ఏడనో జారగొట్టుకున్న.”

అతను తల ఎత్తి చూశాడు.

“మీరేమన్న చూసిన్రా సారు? జర యాది చేసుకోండ్రి. రాయి ఏడనన్న పడ్డదా?”

రాయి అతనికి పదిహేను అడుగుల దూరంలో, చీరల కింద ఉంది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను చూడలేదు రామచంద్రం అన్నాను.

అతను తల ఊపి, ఒంటిచేత్తో ఒక్కో రాయీ డబ్బాలో వేసుకున్నాడు. ఐతే తప్పు తనదేనన్నాడు. ఏడాది నుంచి కాదు కాదని లొల్లి పెట్టినందుకు సిగ్గుగా ఉందన్నాడు. రేపు పదిమందిలో ఒప్పుకుంటానని, కొడుకు బతికితే చాలునని అన్నాడు. రాజరాజేశ్వరి టీ తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. చెయ్యని తప్పు తనదని ఆ మనిషి మనస్ఫూర్తిగా నమ్మేశాడు. నమ్మించింది నేను.

సోమవారం పొద్దున బీరువా తీసి రాయి జేబులో వేసుకున్నాను. రాజరాజేశ్వరి చూసి, వచ్చి బీరువా తలుపు మూసింది. చెప్పాలనే వెళ్ళాను. దేవుడి మీద ఒట్టు, చెప్పాలనే వెళ్ళాను.

కమ్యూనిటీ హాలు ముందు చాప పరిచారు. పదింటికి ఎండ ముదిరింది. రెండు వైపుల మగవాళ్ళనూ తడిమి చూసి కూర్చోబెట్టారు. తిరుపతి కడ్డీ తేలేదు, వట్టి చేతులతో వచ్చాడు. చంద్రమ్మ ఒక పక్క మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది. పెద్దమనిషి కుండలోంచి కల్లు వంచి తిరుపతి చేతిలో దొప్ప పెట్టాడు, సాయిచంద్ చేతిలో దొప్ప పెట్టాడు. తిరుపతి దొప్పను నోటి దగ్గరికి ఎత్తాడు. అతను తాగడానికే వచ్చాడు. అది నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఇంకొక్క గుక్క, అంతా అయిపోయేది.

అప్పుడు రామచంద్రం లేచాడు. నిజాయితీపరుడి ఖర్మ అంతే, నోరు మూసుకుని ఉండలేడు. నేనూ లేచాను. జేబులో రాయి పిడికిట్లో పట్టుకున్నాను. ఒక్క మాట, రామచంద్రం ఆగు అంటే సరిపోయేది. పదిమంది మొహాలు నా వైపు తిరిగాయి. సారు ఏమన్న చెప్తరా అన్నాడు పెద్దమనిషి. లేదు, అతన్నే చెప్పనివ్వండి అని కూర్చున్నాను.

“రాయి జారగొట్టుకున్నది నేనే,” అన్నాడు రామచంద్రం. “లెక్క నాదే తప్పింది. పుల్లయ్య బావను పొట్టన పెట్టుకున్నది నేనే.” అని వంగి, కొడుకు వయసువాడైన తిరుపతి కాళ్ళు ఎడమచేత్తో ముట్టుకోబోయాడు.

తిరుపతి దొప్ప నెమ్మదిగా కింద పెట్టాడు. కల్లు చాప మీద పారింది.

“మరి గిన్నొద్దులు కాదంటివి గదనే,” అన్నాడు. గొంతు పెద్దగా కూడా లేదు. “నీ చెయ్యి ఇరగ్గొట్టినంక మా అన్న ఒక్క రాత్రి నిద్ర పోలే. తప్పు లేనోన్ని కొట్టిన్నేమోనని ఏడ్చిండు. గదే ఏడుపుల సచ్చిండు.”

కొండాపూర్‌లో ఆయుధం వెతుక్కోనక్కర్లేదు, ఎక్కడ చెయ్యి పెట్టినా రాయే. వెనక్కి చెయ్యి చాపి గుండ్రాయి అందుకుని, వంగి ఉన్న తల మీద దించాడు. రామచంద్రం బోర్లా పడ్డాడు. తిరుపతి అతని వీపు మీద కూర్చుని మళ్ళీ దించాడు, మళ్ళీ దించాడు. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. తల పగిలి లోపలిది చాప మీదికి వచ్చింది. సాయిచంద్ కల్లుకుండ నేలకు కొట్టి, పెంకు తీసుకుని తిరుపతి మొహంలో గుచ్చి తిప్పాడు. ఎడమకన్ను ఊడి చెంప మీద వేలాడింది. అటు పది మంది, ఇటు పది మంది రాళ్ళు అందుకున్నారు. ఆడవాళ్ళు కూడా. ఏడాది కిందటిదాకా గిన్నెలు మార్చుకున్న చేతులే, ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని మొహాలు బండకు కొట్టారు.

నేను పరిగెత్తాను. ఒక చెప్పు అక్కడే పోయింది. రాయి మాత్రం జేబులో భద్రంగా ఉంది.

రామచంద్రం అక్కడికక్కడే పోయాడు. తిరుపతి ఒంటికన్నుతో చర్లపల్లి జైలుకు పోయాడు. సాయిచంద్ ఆ గలాటాలోనే మాయమయ్యాడు. మిగతావాళ్ళు దవాఖాన నుంచి వచ్చి, గల్లీ మధ్యన రాళ్ళు పేర్చి అడ్డంగా గోడ కట్టుకున్నారు. అటువాళ్ళ పిల్లలు ఇటు ఆడుకోకూడదు. ఎందుకని అడిగితే ఐదేళ్ళవాడు కూడా చెబుతాడు, వాళ్ళు మా తాతను చంపారని. ఏ తాత, ఎవరు చంపారు అంటే చెప్పలేడు.

నవంబరులో, మేం చదును చేసిన చోట కంపెనీ ఆఫీసు భవనం ప్రారంభించారు. అద్దాల్లో ఆకాశం కనబడుతోందని అందరూ మెచ్చుకున్నారు. గేటు దగ్గర, సరిగ్గా ఆ బండ ఉన్న చోట, పూలకుండీలు పెట్టారు. నాకు శాలువా కప్పారు. ఆ శాలువాతోనే నేరుగా చంద్రమ్మ ఇంటికి నడిచాను. ఎందుకా రోజే ధైర్యం వచ్చిందో తెలియదు. బహుశా ఇక నన్ను ఎవరూ ఏమీ చేయలేరని తెలిసి వచ్చి ఉంటుంది.

చంద్రమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఏడవకుండా చెప్పాలనుకున్నాను గానీ ఏడ్చాను. రాయి తీసి ఆవిడ ముందు పెట్టాను. ఇది పెద్దమనుషుల ముందు పెడతాను, పోలీసుల ముందు పెడతాను, ఇప్పటికైనా మీ రెండు ఇళ్ళ మధ్యా ఏమీ లేదని అందరికీ తెలియాలి, సాయిచంద్ ఎక్కడున్నా తిరిగి రావాలి, తిరుపతి బయటికొచ్చాక చేతికి రాయి ఎత్తకూడదు అన్నాను.

ఆవిడ రాయిని ఎండకు ఎత్తి చూసింది. బొటనవేలితో రుద్దింది. ఏడుపాయల రాయే అంది. ఎవరికైనా చెప్పావా అని అడిగింది. మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదన్నాను. ఉమ్మేస్తుందనుకున్నాను. చేట విసిరి కొడుతుందనుకున్నాను. నాకు అది కావాలి కూడా. ఆవిడ లేచి, నా దగ్గరికి వచ్చి, ఆ రాయి తన చేత్తోనే నా చొక్కా జేబులో వేసింది.

“చెప్పకు సారు,” అంది. “నా పెద్దకొడుకు తప్పు లేని మనిషి చెయ్యి దంచిండని, చిన్నోడు తప్పు లేని మనిషి తల పగలగొట్టిండని నేనేడ చెప్పుకోవాలె? జైలుల ఉన్నోనికి ఒక కన్నే ఉన్నది. ఆ కన్ను తెరుసుకొని వాడు బతికేదే ఆ పగ మీద. అదిగూడ గుంజుకుంటే వానికేం మిగులుతది?”

“మరి నా మీద...” అన్నాను.

“నీ మీద కొత్తగ పగ పెట్టుకునే ఓపిక లేదు నాకు. వాళ్ళ మీదిది అలవాటైంది.”

అంతే. మళ్ళీ కూర్చుని చేట ఒళ్ళోకి తీసుకుంది. మెరికలు ఏరి అరుగు కిందికి విసురుతోంది. గల్లీలో కట్టిన గోడ అవతల రామచంద్రం భార్య ఎవరినో తిడుతున్న గొంతు వినబడుతోంది. చంద్రమ్మ చేటలోంచి తల ఎత్తకుండానే అటువైపు ఒక తిట్టు విసిరింది. రోజూ చేసే పనిలా, తేలిగ్గా.

నేను ఇంటికి నడిచాను. దారిలో మణికొండ వైపు నుంచి పేలుళ్ళు వినబడ్డాయి, ఆగి లెక్కపెట్టాను. ఆరు. ఆ ఆరూ సరైనవో కావో నాకెలా తెలుస్తుంది. సాయిచంద్ ఎప్పుడో ఒకప్పుడు తల్లిని చూడటానికి వస్తాడు. తిరుపతి కూడా ఎప్పుడో ఒకప్పుడు విడుదలవుతాడు. అది ఆపగలిగిన రాయి నా జేబులో ఉంది. ఇక దాన్ని ఎవరికీ చూపించనక్కర్లేదు. చూపించవద్దని చచ్చినవాడి తల్లే చెప్పింది కదా.

ఇంటికొచ్చేసరికి రాజరాజేశ్వరి వడ్డించింది. ఏమైందని అడిగింది. ఏమీ కాలేదన్నాను. ముద్దపప్పు, ఆవకాయ. రెండేళ్ళ తర్వాత ఆ పూట నాకు బాగా ఆకలి వేసింది. మారు అన్నం అడిగి మరీ పెట్టించుకుని తిన్నాను.